కంచికి చేరని వెయ్యేళ్ల కథ

సైన్స్ ఫిక్షన్ నవలకు ముగింపు రాయడం సాంఘిక నవలకు రాయడం కంటే కష్టమన్నది ఆ ప్రక్రియను దగ్గరగా చదివినవారు ఒప్పుకునే మాట. సాంఘిక నవలలో పెళ్లి, చావు, కుటుంబంలో రాజీ, ఊరు విడిచి వెళ్లిపోవడం వంటి ముగింపులను జీవితమే రచయిత చేతికి అందిస్తుంది కాబట్టి, వాటి ఔచిత్యాన్ని పాఠకుడు తన అనుభవంతో తూచుకోగలడు. సైన్స్ ఫిక్షన్ రచయిత మాత్రం ముందు ఒక లోకాన్ని, దానికి కొన్ని నియమాలను కల్పించి, వందల పేజీల పాటు వాటిని పాఠకుడికి నేర్పి, చివరకు ఆ నియమాలకు తానే లోబడి కథను ముగించవలసి ఉంటుంది. మామూలు పాఠకుడు కథ రక్తి కట్టిందా లేదా అని చూసి ఊరుకుంటాడు గాని, వీరాభిమాని ఆ నియమాలను రచయిత కంటే నిష్ఠగా గుర్తు పెట్టుకుని వాటితోనే చివరి పేజీని పరీక్షిస్తాడు. అందువల్ల ఒక సైన్స్ ఫిక్షన్ రచయిత ముగింపులు వీరాభిమానులను తృప్తిపరిచాయా అన్న ప్రశ్న పైకి అభిరుచికి సంబంధించినదిగా కనిపించినా, లోలోపల అది ఆడిన మాట నిలబెట్టుకోవడానికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఐజాక్ అసిమోవ్ రచనలంత అనువైనవి మరేవీ దొరకవు. 1920లో రష్యాలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరి, రసాయనశాస్త్రం చదివి, 1992లో న్యూయార్క్‌లో మరణించిన ఈ రచయిత కథలకు అచ్చమైన కొసమెరుపులు ఇవ్వడంలో తన తరంలో మేటి అనిపించుకున్నారు. అదే రచయిత తనకు అందరికంటే ఎక్కువ అభిమానులను సంపాదించిపెట్టిన ‘ఫౌండేషన్’ నవలామాలను మాత్రం నాలుగు దశాబ్దాలకు పైగా రాసి కూడా సగం దారిలోనే వదిలి వెళ్లిపోయారు. (ఆ నవలలు ఇంకా చదవనివారు ఇక్కడితో ఆగి, చదివాక తిరిగి రావడం మేలు. ముగింపులను చర్చించే వ్యాసం ముగింపులను దాచిపెట్టలేదు.)

కథావస్తువు క్లుప్తంగా ఇది. పన్నెండు వేల ఏళ్లుగా నక్షత్రవీథి మొత్తాన్ని ఏలుతున్న సామ్రాజ్యం కూలిపోబోతోందని హారీ సెల్డన్ అనే గణితవేత్త గుర్తిస్తాడు. ఆయన సాధనం సైకోహిస్టరీ అనే కల్పిత శాస్త్రం: వాయువులోని ఒక్క అణువు ఎటు కదులుతుందో చెప్పలేకపోయినా కోటానుకోట్ల అణువులున్న వాయువు పీడనాన్ని లెక్కకట్టగలిగినట్టే, ఒక్క మనిషి ఏం చేస్తాడో చెప్పలేకపోయినా కోటానుకోట్ల మనుషుల గమనాన్ని గణితంతో ముందే చెప్పవచ్చునన్నది దాని మూలసూత్రం. సామ్రాజ్యం పడిపోయాక ముప్పై వేల ఏళ్లు సాగవలసిన అంధయుగాన్ని వెయ్యేళ్లకు కుదించాలని సెల్డన్ ఒక ప్రణాళిక వేసి, అందుకోసం నక్షత్రవీథి రెండు కొసలలో రెండు ‘ఫౌండేషన్ల’ను స్థాపిస్తాడు, మొదటిది టెర్మినస్ అనే మారుమూల గ్రహం మీద భౌతికశాస్త్రజ్ఞులతో, రెండవది ఎవరికీ తెలియని చోట మనశ్శాస్త్రజ్ఞులతో. వెయ్యేళ్ల తర్వాత రెండవ సామ్రాజ్యం ఏర్పడుతుందన్నది మొదటి పుటల్లోనే పాఠకుడికి దొరికిన వాగ్దానం.

ఆ వాగ్దానం చేసినప్పుడు రచయితకు కూడా దారి తెలియకపోవడంలోనే ఈ చరిత్రకంతటికీ మూలం ఉంది. 1941 ఆగస్టు 1న, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇరవై ఒక్క ఏళ్ల అసిమోవ్ ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ పత్రిక సంపాదకుడు జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్‌ను కలిసి, ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర తరహాలో నక్షత్రసామ్రాజ్య పతనం మీద ఒక చిన్న కథ రాస్తానని చెప్పగా, క్యాంప్‌బెల్ అది ఒక్క కథతో పోయేది కాదని, హద్దులేని కథామాలగా రాయాలని, ముందు భవిష్యచరిత్ర మొత్తానికి ఒక నమూనా తయారుచేయాలని కోరాడు. అసిమోవ్ ఆ నమూనా మొదలుపెట్టి, అది రాసేకొద్దీ పొడవు పెరిగి పేలవమైపోతుంటే చించిపారేశారు. వెయ్యేళ్ల ప్రణాళిక గురించిన నవలామాలకు రచయిత దగ్గర ప్రణాళిక లేకపోవడం సాహిత్యచరిత్రలోని చక్కని వ్యంగ్యాలలో ఒకటి.

1942 మే సంచికలో అచ్చయిన మొదటి కథ ముగింపు మరింత ఆసక్తికరమైనది. టెర్మినస్‌ను పొరుగు రాజ్యం కబళించబోతున్న సమయంలో నగరాధ్యక్షుడు సాల్వర్ హార్డిన్ పరిష్కారం స్పష్టంగానే ఉందని గ్రహిస్తాడు. అయితే అదేమిటో పాఠకుడికి చెప్పకుండానే కథ ఆగిపోతుంది. తరువాయి కథను క్యాంప్‌బెల్ తప్పనిసరిగా కొనవలసివచ్చేలా తాను కావాలనే అలా ఆపినట్టు అసిమోవ్ తర్వాత చెప్పుకున్నారు. తెలుగు వారపత్రికల సీరియళ్ల కోసం వారమంతా కాచుకున్న తరానికి ఈ ఎత్తుగడ కొత్తగా తోచదు గాని, ఇక్కడ వల పడింది పాఠకుడి కంటే ముందు సంపాదకుడి మీద. ఆ తంత్రం మరీ ఫలించిందనే చెప్పాలి, ఎందుకంటే తర్వాతి నెల సంచికలోనే రెండవ కథ రావలసి ఉండటంతో, హార్డిన్‌కు స్పష్టమైన ఆ పరిష్కారాన్ని అసిమోవ్ హడావుడిగా కనిపెట్టవలసివచ్చింది. ఒక్క పొరుగు రాజ్యం టెర్మినస్‌లోని అణుశక్తి రహస్యాన్ని దక్కించుకుంటే తమకు ముప్పు అని మిగతా రాజ్యాలకు నచ్చజెప్పి, వాటి చేతనే దాన్ని వెనక్కు తగ్గించడం ఆ ఉపాయం.

తొలినాటి ఫౌండేషన్ కథల్లో చాలావాటి ముగింపులకు నమూనా ఇక్కడే ఏర్పడింది. వాటిలో ఒక ‘సెల్డన్ సంక్షోభం’ వస్తుంది. చరిత్ర ఒత్తిడికి ఒక్క దారి తప్ప అన్నీ మూసుకుపోతాయి. ఆ దారిని గుర్తించిన నాయకుడు ఆయుధం పట్టకుండానే గెలుస్తాడు. కొన్ని కథల్లో ‘కాలమందిరం’లో, ఎప్పుడో చనిపోయిన సెల్డన్ ఛాయారూపం ప్రత్యక్షమై, జరిగినదంతా తాను లెక్కకట్టినదేనని చెబుతుంది. దీని వంశం అపరాధపరిశోధక కథది. చిక్కుముడిని, దాని విడుపును ముందుగా నిర్ణయించుకుని, మధ్య దారిని రాస్తూ కనిపెట్టుకోవడం తన పద్ధతి అని అసిమోవ్ పలుమార్లు చెప్పుకున్నారు; ఆ పద్ధతికి ఇరవై ముప్పై పుటల కథ ఒదిగినంత చక్కగా మరేదీ ఒదగదు. ఆధారాలన్నీ పాఠకుడి కళ్లెదుటే ఉండి, విడుపు ఊహించనిదై, విప్పాక మరోలా ఉండటానికి వీల్లేదనిపిస్తే అభిమానికి అంతకంటే కావలసినది లేదు. ఆ లెక్కన తొలి కథల ముగింపులు అభిమానులను నిండుగా తృప్తిపరిచాయి.

అయితే ఆ తృప్తిలోనే ఒక లోటు దాగి ఉందని 1945 ఏప్రిల్‌లో అచ్చయిన ‘డెడ్ హ్యాండ్’ కథ బయటపెట్టింది. పతనమవుతున్న సామ్రాజ్యపు చివరి సమర్థ సేనాని బెల్ రియోజ్ ఫౌండేషన్ మీదికి దండెత్తగా, ఇద్దరు కథానాయకులు అతన్ని ఆపాలని ప్రాణాలకు తెగించి పాట్లు పడతారు. రియోజ్ ఓడిపోతాడు గాని వాళ్ల వల్ల కాదు. బలహీనుడైన చక్రవర్తి కింద బలమైన సేనాని దూరదేశాల మీదికి పోక సింహాసనం మీదికే తిరుగుతాడు, బలమైన చక్రవర్తి కింద సేనాని మరీ బలవంతుడైతే చక్రవర్తే అతన్ని అనుమానించి చంపుతాడు కాబట్టి, రియోజ్ ఓటమి మొదటినుంచీ ఖాయం. తర్కం నిర్దుష్టం. కానీ ఇద్దరు మనుషుల పోరాటాన్ని ఆసక్తిగా అనుసరించిన పాఠకుడికి చివర వాళ్లు ఊరికే పరుగెత్తారని తెలిసినప్పుడు చప్పబడిన భావన కలుగుతుంది. వ్యక్తి లెక్కలోకి రాడన్న సూత్రం మీద నిలబడిన లోకంలో కథకు నాయకుడు ఎందుకన్న ప్రశ్న అక్కడ మొదటిసారి తలెత్తింది.

ఆ ఇరుకునుంచి రచయితను బయటికి లాగినవాడు మళ్లీ క్యాంప్‌బెల్లే. సెల్డన్ ప్రణాళికను భగ్నం చేయమని ఆయన అడిగినప్పుడు అసిమోవ్ మొదట ఇష్టపడలేదు, తర్వాత ఒప్పుకున్నారు. 1945 చివరి రెండు సంచికలలో వచ్చిన ‘ది మ్యూల్’ ఆ ఒప్పుకోలు ఫలితం. ఇతరుల భావోద్వేగాలను తనకు కావలసినట్టు మార్చగల ఒక జన్యుపరమైన వింత మనిషి పుడతాడు. కోట్లమంది సగటు మీద ఆధారపడిన శాస్త్రానికి ఒక్క అపవాదం అందదు. శత్రునౌకలు నెత్తిమీద ఉండగా కాలమందిరంలో ప్రత్యక్షమైన సెల్డన్, జరగని ఒక అంతర్యుద్ధం గురించి ప్రశాంతంగా మాట్లాడుకుంటూ పోయే సన్నివేశం ఈ నవలామాల మొత్తంలో అత్యంత భయానకమైనది. ఇక ముగింపు సరేసరి. రెండవ ఫౌండేషన్ ఎక్కడుందో కనిపెట్టిన వృద్ధ పండితుడు ఎబ్లింగ్ మిస్ ఆ పేరు ఉచ్చరించబోయే క్షణంలో బేటా డారెల్ అనే యువతి అతన్ని కాల్చి చంపుతుంది. ఎందుకంటే తమ వెంట వచ్చిన అమాయకపు విదూషకుడే మ్యూల్ అని ఆమె ఒక్కతే పోల్చుకుంది. ఆమె ఒక్కతే ఎలా పోల్చుకోగలిగింది? తనను ఎవరూ బలవంతం చేయకుండానే ఇష్టపడిన ఒకే ఒక మనిషి ఆమె కాబట్టి, ఆ ఇష్టాన్ని పాడుచేయలేక మ్యూల్ ఆమె మనసును తాకలేదు. చిక్కుముడి విడుపు, పాత్ర స్వభావం, కథలోని శాస్త్రనియమం మూడూ ఒకే బిందువులో కలిసిన ఈ ముగింపును మించినది అసిమోవ్ నవలల్లో లేదు.

ఆ తర్వాత రచయితకు ఈ కథామాల మీద విసుగు మొదలైంది. 1948 జనవరిలో అచ్చయిన కథతోనే దీన్ని ముగించాలని ఆయన ప్రయత్నిస్తే, క్యాంప్‌బెల్ ఒప్పుకోక ముగింపు మార్పించాడు. అందువల్ల 1949 నవంబరు నుంచి 1950 జనవరి దాకా మూడు సంచికలలో వచ్చిన సుదీర్ఘ కథ చివరిదైంది. తర్వాత పుస్తకరూపంలో అది ‘సెకండ్ ఫౌండేషన్’లో రెండవ భాగంగా చేరింది. రెండవ ఫౌండేషన్ ఎక్కడుందన్న ప్రశ్నకు అందులో వరుసగా జవాబులు దొరుకుతాయి. అది లేనే లేదని ఒకరు, కల్గన్ గ్రహం మీద ఉందని మరొకరు, వలయానికి కొస అంటూ ఉండదు కాబట్టి టెర్మినస్ మీదే ఉందని ఇంకొకరు తేలుస్తారు. ఆఖరి జవాబు నిజమని నమ్మించడానికి రెండవ ఫౌండేషన్‌కు చెందిన కొందరు తమను తాము బలిపెట్టుకుంటారు. చివరి పుటలో అసలు సంగతి తెలుస్తుంది: సెల్డన్ సామాజిక శాస్త్రజ్ఞుడు కాబట్టి ఆయన చెప్పిన ‘మరో కొస’ దూరాన్ని బట్టి కాక సమాజాన్ని బట్టి కొలవాలి, అంచులోని టెర్మినస్‌కు సామాజికంగా అవతలి కొస కేంద్రంలోని పాత రాజధాని ట్రాంటర్. అంతవరకూ భోళా రైతుగా కనిపించిన ప్రీమ్ పాల్వర్ రెండవ ఫౌండేషన్ అధినేత అని అదే పుట చెబుతుంది. వెనక్కు తిరిగి చదివితే ప్రతి ఆధారం ముందే ఉంది.

చిక్కుముడి పరంగా ఇంతకంటే నేర్పుగల విడుపు ఉండదు. అయినా అభిమానులు ఊరుకోలేదు, వాళ్ల పట్టుదలలో న్యాయం లేకపోలేదు. కథాకాలంలో నాలుగు వందల ఏళ్లు కూడా నిండలేదు, వాగ్దానం వెయ్యేళ్లది. పైగా ఆ ముగింపు ఒక కలవరాన్ని మిగిల్చింది. రాబోయే రెండవ సామ్రాజ్యాన్ని నడిపేది ఇతరుల మనసులను గుట్టుగా సవరించే ఒక చిన్న వర్గం అని చివరి పుటలు సూచిస్తున్నాయి. మ్యూల్ చేసినప్పుడు దౌర్జన్యంగా తోచిన పనినే సెల్డన్ వారసులు చేస్తే మేలుగా ఎలా తోస్తుందో కథ చెప్పలేదు. అభిమానులు అడిగిన ‘తర్వాత ఏమైంది’ అన్న ప్రశ్నలో కుతూహలంతో పాటు ఈ అసంతృప్తి కూడా కలిసి ఉంది.

1951 నుంచి 1953 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన ఆ కథలు ముప్పై ఏళ్లు అలాగే నిలిచిపోయాయి. 1966లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ సమావేశం ‘సర్వకాలాలకూ ఉత్తమ నవలామాల’ను ఎన్నుకుని హ్యూగో పురస్కారం ఇవ్వదలచినప్పుడు, టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కే అది దక్కుతుందని అసిమోవ్ అనుకున్నారు, దక్కింది ‘ఫౌండేషన్’కు. ముగిసిన మహాకథను కాదని ముగియని కథకు పట్టం కట్టిన ఆ ఓటు గమనించదగినది. నోబెల్ పొందిన అర్థశాస్త్రవేత్త పాల్ క్రూగ్‌మన్ వంటివారు తాము సమాజశాస్త్రాల వైపు రావడానికి చిన్నప్పుడు చదివిన సెల్డన్ కారణమని చెప్పుకున్నారు. వాళ్లను పట్టి ఉంచినది కథ చివర కంటే కథ పునాదిలోని ఊహ అన్నది స్పష్టం. ఊహకు ముగింపు అక్కర్లేదు, కథకు కావాలి. ఈ రెండింటి మధ్య దూరమే అసిమోవ్‌ను జీవితాంతం వెంటాడింది.

1981లో ప్రచురణసంస్థ డబుల్‌డే, ఆయన మామూలుగా తీసుకునే మొత్తానికి పదిరెట్లు, అంటే 50,000 డాలర్లు బయానాగా ఇచ్చి కొత్త ఫౌండేషన్ నవల రాయమని పట్టుబట్టింది. రాయడానికి ముందు తన పాత మూడు సంపుటాలను తానే చదువుకున్న అసిమోవ్‌కు ఎక్కడా ఏ సంఘటనా జరగకుండా ఆలోచనలూ సంభాషణలే నడుస్తున్నట్టు అనిపించి గుబులు పుట్టింది. అయితే పుటలు మాత్రం ఆత్రంగా తిప్పుకుంటూ పోయి, అయిపోయేసరికి ఇంకా ఉంటే బాగుండుననిపించిందని కూడా ఆయన రాసుకున్నారు. అంటే అభిమాని ఫిర్యాదును రచయిత తానే అనుభవించారన్నమాట. 1982లో వెలువడిన ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’ న్యూయార్క్ టైమ్స్ జాబితాలో 25 వారాలు నిలిచింది, మరుసటి ఏడు హ్యూగో గెలుచుకుంది. నలభై నాలుగేళ్ల రచనావ్యాసంగంలో, 262 పుస్తకాల తర్వాత, అత్యధికంగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలోకి ఆయన ఎక్కడం అదే మొదటిసారి.

ఆ నవల ముగింపు దగ్గరే అభిమానులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. కథాకాలం ఫౌండేషన్ స్థాపన తర్వాత 498వ ఏడు, అంటే వాగ్దానకాలంలో దాదాపు సగం. మొదటి ఫౌండేషన్ ఆయుధబలం, రెండవ ఫౌండేషన్ మనోబలం, గాయా అనే మూడవ శక్తి ఒకదానికెదురుగా ఒకటి నిలుస్తాయి. గాయా అంటే మనుషులు, జంతువులు, చెట్లు, రాళ్లు సైతం ఒకే చైతన్యంలో భాగాలుగా జీవించే గ్రహం. నక్షత్రవీథి మొత్తాన్ని అలాంటి ఏకచైతన్యంగా, ‘గెలాక్సియా’గా మార్చడం దాని లక్ష్యం. ఎప్పుడూ సరైన నిర్ణయమే తీసుకునే సహజశక్తి ఉన్న గోలన్ ట్రెవైజ్ ఈ మూడింటిలో ఒకదాన్ని ఎన్నుకోవాలి, అతడు గాయాను ఎన్నుకుంటాడు. ఎందుకు ఎన్నుకున్నాడో అతనికే తెలియదు.

వీరాభిమాని అభ్యంతరాన్ని ఇక్కడ సరిగా అర్థం చేసుకోవాలి. కథ అనుకోని మలుపు తిరిగిందని అతడు నొచ్చుకోలేదు, మ్యూల్ మలుపును అతడే నెత్తిన పెట్టుకున్నాడు. మ్యూల్ సెల్డన్ నియమాలను భంగపరిచినప్పుడు ఎందుకు భంగపడ్డాయో ఆ నియమాలే చెప్పాయి; ట్రెవైజ్ విషయంలో అలా కాక, ఐదు వందల ఏళ్లుగా సాగిన ప్రణాళిక ఒక మనిషి మనసుకు తోచిన మాటతో పక్కకు జరిగిపోయింది. తర్కంతో కట్టిన భవనానికి తలుపు సహజజ్ఞానంతో మూయడం వంటి పని అది. అసిమోవ్ కూడా ఈ అప్పు తీర్చవలసినదేనని గుర్తించినట్టుంది, 1986 నాటి ‘ఫౌండేషన్ అండ్ ఎర్త్’ అంతా ట్రెవైజ్ తన నిర్ణయానికి కారణం వెతుక్కుంటూ భూమిని అన్వేషించే యాత్రే.

కారణం చివర దొరుకుతుంది. రేడియోధార్మికతతో నిర్జీవమైన భూమిని దాటి చంద్రుడి లోపలికి వెళ్లిన ట్రెవైజ్‌కు, ఇరవై వేల ఏళ్లుగా మానవజాతిని గుట్టుగా కాపాడుతున్న రోబో డానీల్ ఒలివా ఎదురవుతుంది. అసిమోవ్ 1954 నాటి ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’లో పోలీసు అధికారికి జోడీగా సృష్టించిన రోబోయే ఇది. సైకోహిస్టరీకి జనసంఖ్య అపారంగా ఉండాలని, జనానికి ఆ లెక్క తెలియకూడదని రెండు ప్రతిపాదనలే చెప్పుకుంటూ వచ్చారని, ఎవరూ పైకి చెప్పని మూడవ ప్రతిపాదన కూడా ఉందని ట్రెవైజ్ గ్రహిస్తాడు: నక్షత్రవీథిలో తెలివిగల జాతి మనిషి ఒక్కడే అన్నది. వేరే నక్షత్రవీథి నుంచి మరొక జాతి వస్తే విడివిడి మనుషుల సామ్రాజ్యం నిలవలేదు, ఏకచైతన్యమే నిలుస్తుంది. అసిమోవ్ తొలినాటి నేర్పు ఇక్కడ ఒక్కసారి మెరుస్తుంది, ఎందుకంటే ఆ మూడవ ప్రతిపాదన నిజంగానే మొదటి కథ నుంచీ అందరి కళ్లెదుటా ఉంది; ఆ నక్షత్రవీథిలో మనిషి కాని తెలివిగల జీవి ఒక్కటీ కనబడదు. ఆ జవాబు దొరికీ దొరకగానే ట్రెవైజ్ వెంట వచ్చిన ఫాలమ్ అనే సొలారియా గ్రహపు వింత బిడ్డ చూపు అతని మీద నిలవడం, ఆ పరాయి జాతి ఇప్పటికే తమ మధ్య ఉందేమోనన్న అనుమానం మిగలడం జరుగుతుంది. పుస్తకం అక్కడ ఆగింది, రచయిత మళ్లీ ఆ చోటికి రాలేదు.

ఫౌండేషన్ అండ్ ఎర్త్ తర్వాత కథను ఎలా నడపాలో ఆయనకు తోచలేదని భార్య జానెట్ అసిమోవ్ తెలియజేశారు. ముందుకు దారి కనబడని రచయిత వెనక్కు మళ్లి, సెల్డన్ యౌవనాన్ని 1988లో ‘ప్రెల్యూడ్ టు ఫౌండేషన్’గా, ఆయన మిగతా జీవితాన్ని ‘ఫార్వర్డ్ ది ఫౌండేషన్’గా రాశారు, రెండవది 1993లో, ఆయన మరణానంతరం వెలువడింది. అభిమానులు కథ తర్వాత ఏమైందని అడిగితే రచయిత కథకు ముందు ఏమైందో చెప్పారు.

ఇంతకూ ఆయనకు ముగించడం చేతకాదా అంటే, దానికి విరుద్ధమైన సాక్ష్యం బోలెడంత ఉంది. విశ్వంలోని శక్తి అంతా క్రమంగా వెదజల్లబడి నిరుపయోగం కావడాన్ని వెనక్కు తిప్పవచ్చా అని యుగయుగాల కంప్యూటర్లను మనుషులు అడుగుతూ పోయే ‘ది లాస్ట్ క్వశ్చన్’ను 1956లో రాసి, తన కథలన్నింటిలో అదే తనకు ఇష్టమని ఆయన చెప్పేవారు. కథ పేరు, ఒక్కోసారి రచయిత పేరు కూడా మరచిపోయిన పాఠకులు ముగింపు మాత్రం గుర్తుంచుకుని ఆ కథ ఏదని తనకే ఉత్తరాలు రాసేవారని కూడా ఆయన ముచ్చటపడ్డారు. (ఆ ఒక్క ముగింపును ఈ వ్యాసం బయటపెట్టదు.) 1941 నాటి ‘నైట్‌ఫాల్’ చివర, కథలో ఊసే లేని భూమిని ప్రస్తావిస్తూ క్యాంప్‌బెల్ చేర్చిన ఒక పేరా తనకు ఎన్నడూ మింగుడుపడలేదని ఆయన చెప్పడం, ముగింపు పట్ల ఆయన చెవి ఎంత సున్నితమైనదో తెలుపుతుంది.

వీటన్నిటికంటే పనికివచ్చే సాక్ష్యం 1955 నాటి ‘ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ’. కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణిస్తూ, మానవజాతికి ప్రమాదం కలిగించే ప్రతి మలుపునూ చరిత్రలో సరిదిద్దే ఒక రక్షకవర్గం ఆ నవలలో ఉంటుంది. ప్రమాదాలన్నీ తీసేయడం వల్ల మనుషులు నక్షత్రాలకు చేరే సాహసం కూడా కోల్పోయారని తెలుసుకున్న నాయకుడు ఆ వర్గాన్నే రూపుమాపడానికి ఒప్పుకుంటాడు. ఆ నిర్ణయానికి వాదం ఉంది, ప్రేమ ఉంది, మూల్యం ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ప్రశ్నను ట్రెవైజ్ ముందు పెట్టిన అసిమోవ్ రక్షకుడి పక్షాన తీర్పు ఇచ్చారు, ఆ తీర్పుకు మొదట కారణం కూడా చెప్పలేదు. రెండు ముగింపులను పక్కపక్కన పెట్టి చూసినవారికి మొదటిది గెలిచిందనడంలో సందేహం ఉండదు. ఇంకొక రకం పోలికకు ఆర్థర్ సి. క్లార్క్ ఉన్నారు. 1973 నాటి ‘రాండెవూ విత్ రామా’ ఆఖరి వాక్యాన్ని ఆయన చివరి సవరణలో మాత్రమే చేర్చారు. తరువాయి రాసే ఉద్దేశం తనకు లేదన్నారు, అయినా ఆ వాక్యమే పట్టుకుని జెంట్రీ లీతో కలిసి మూడు తరువాయి నవలలు వచ్చాయి. అవి మొదటి నవల విస్మయానికి దరిదాపుల్లోకి రాలేదు.

మిగిలినది అభిమానులు తామే కనిపెట్టుకున్న ముగింపు. తొలి కథల అధ్యాయాలకు ముందు ‘ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా’ అనే కల్పిత విజ్ఞానసర్వస్వం నుంచి ఉల్లేఖనాలు ఉంటాయి. వాటి పాదసూచిక ప్రకారం అవి ఫౌండేషన్ శకం 1020లో టెర్మినస్‌లో వెలువడిన 116వ ముద్రణలోవి. వెయ్యేళ్లు దాటాక కూడా టెర్మినస్‌లో పుస్తకాలు అచ్చువేసే సంస్థ ఉంటే, అందరూ ఒకే చైతన్యంగా కలిసిపోయిన గెలాక్సియా ఎక్కడ? ఒకరికి తెలిసినది అందరికీ తెలిసే లోకంలో విజ్ఞానసర్వస్వం కొనేవారెవరు? అసిమోవ్ కుటుంబం అనుమతితో గ్రెగరీ బెన్‌ఫర్డ్, గ్రెగ్ బేర్, డేవిడ్ బ్రిన్ 1997 నుంచి 1999 వరకు ఒక్కొక్క నవల రాయగా, వాటిలో చివరిదైన ‘ఫౌండేషన్స్ ట్రయంఫ్’లో బ్రిన్ ఈ పాదసూచికనే ఆధారం చేసుకుని, విజ్ఞానసర్వస్వం ముద్రణ కొనసాగడాన్ని సెల్డన్ గెలుపుకు గుర్తుగా నిలిపారు. రచయిత 1986లో ఇచ్చిన తీర్పును ఆయనే ఎప్పుడో రాసి మరచిపోయిన ఒక చిన్న సూచనతో కొట్టివేయగలగడం వీరాభిమానానికి పరాకాష్ఠ.

కాబట్టి తీర్పు ఇలా ఉండాలి: అసిమోవ్ కథల ముగింపులు వీరాభిమానులను తృప్తిపరిచాయి, ఆయన మహాకథ ముగింపు తృప్తిపరచలేదు, దానికి కారణం ముసలితనమో డబ్బో కాదు. ప్రణాళిక ఫలిస్తే చివరి ఐదు వందల ఏళ్లలో ఆశ్చర్యం ఉండదు, ఫలించకపోతే మొదటి ఐదు వందల ఏళ్లకు అర్థం ఉండదు. 1942లోనే పడిన ఈ ముడిని విప్పే దారి ఆయనకు 1986లోనూ లేదు, తర్వాత రాసినవారికీ పూర్తిగా దొరకలేదు. కొత్తగా మొదలుపెట్టే పాఠకులు సెల్డన్ యౌవనం నుంచి కాక, పుస్తకాలు వెలువడిన వరుసలోనే ‘ఫౌండేషన్’, ‘ఫౌండేషన్ అండ్ ఎంపైర్’, ‘సెకండ్ ఫౌండేషన్’ చదివి, ట్రాంటర్ రహస్యం బయటపడ్డ పుట దగ్గర ఆగి, ఆ తర్వాత తిన్నగా ‘ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ’ అందుకోవడం మంచిది. అప్పటికీ ఉండబట్టలేనివారికి 1982 నాటి పుస్తకం ఎలాగూ ఉంది.